నలభై పేర్లు రాసిన కాగితం

చిన్నపిల్లల సంరక్షణ అనగానే మనం రెండు వేరువేరు పనులను ఒకటిగా కలిపి చూస్తాం. ఒకటి పిల్లను చూసుకోవడం. తినిపించడం, నిద్రపుచ్చడం, ఆడించడం, పడిపోకుండా కనిపెట్టుకుని ఉండడం. రెండోది పిల్ల తరఫున అడగడం. మా వాడలో అంగన్‌వాడీ ఎందుకు లేదు, ఈ నెల గుడ్లు ఎందుకు రాలేదు, తల్లి చేనుకు పోయిన ఏడెనిమిది గంటలు ఏడాదిన్నర పిల్ల ఎవరి దగ్గర ఉండాలి అని నిలదీయడం. మొదటి పని చేసేవాళ్లను కనీసం మాటల్లోనైనా పొగుడుతాం. రెండో పని నెత్తినేసుకున్నవాళ్లకు ఆ పొగడ్త కూడా దక్కదు. జీతం ఉండదు, హోదా ఉండదు, ఆఫీసుకు పోతే కూర్చోమనేవాళ్లు ఉండరు. పైగా ‘నీకెందుకమ్మా ఇదంతా’ అన్న మాట ఇంట్లోనూ పడాలి, బయటా పడాలి. పిల్లల కోసం తమంత తాముగా ముందుకొచ్చి నలుగురిని కూడగట్టే ఈ మనుషులను ప్రభుత్వం ఖర్చులేని పనివాళ్లుగా చూడడం మానాలి. వాళ్ల అసలు పని అడగడమని ఒప్పుకుని, అడిగితే జవాబు దొరికే ఏర్పాటు చేయాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఇంతే.

నిర్మల్ జిల్లాలోని భైంసాను దగ్గరగా చూస్తే ఈ తేడా ఎంత ముఖ్యమో తెలుస్తుంది. నల్లరేగడి నేల, పత్తి బేరం, జిన్నింగు మిల్లులు ఈ ఊరికి ఆధారం. అక్టోబరులో మొదలయ్యే పత్తి ఏరుడు సంక్రాంతి దాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా సాగుతుంది. ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే, కూలి కిలోల లెక్కన. చంటిపిల్లను చెట్టు కింద చీర ఉయ్యాలలో వేసి గంటకోసారి వచ్చి చూసుకుంటే ఆ మేరకు కూలి తగ్గుతుంది. ఇంట్లో వదిలేసి పోదామంటే అత్తో, తల్లో కూడా అదే చేన్లో ఉంటుంది. అంగన్‌వాడీకి పంపాలంటే అక్కడ రోజూ కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండిన పిల్లలను. ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా ఉన్న పిల్లకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇచ్చి ఇంటికి పంపుతారు. మూడేళ్లు దాటినవాళ్లకైనా సాయంత్రం నాలుగింటికి తలుపులు మూస్తారు. చేనుకు పోయిన తల్లి ఇల్లు చేరేది పొద్దు గూకాక. ఆ మధ్య గంటలు ఎవరివి? చాలా ఇళ్లలో ఏడెనిమిదేళ్ల అక్కవి. బడి మానేసిన ఆడపిల్లల లెక్క తీసేటప్పుడు చంకనెత్తుకున్న తమ్ముణ్ని మనం లెక్కలోకి తీసుకోం.

ఇందులో ఒక విషయం దగ్గర కాస్త ఆగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు ఎదగని అయిదేళ్లలోపు పిల్లలు 2015–16లో దాదాపు 28 శాతం. 2019–21 నాటికి అది 33 శాతమైంది. ఆ మధ్యకాలంలో పథకాలు ఆగిపోలేదు. గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట పూర్తి భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి 2015 జనవరి 1న రాష్ట్రమంతటా మొదలైంది. బాలామృతం పొట్లాలూ అందుతూనే ఉన్నాయి. అయినా అంకె పెరిగిందంటే దానికి కారణాలు అనేకం ఉంటాయి. నీళ్లు, పారిశుద్ధ్యం, తల్లి రక్తహీనత అన్నీ అందులోవే. కానీ ఒక కారణం మన కళ్లెదుటే ఉంది. పొట్లం ఇంటికి చేరుతుంది, దాన్ని కలిపి రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా తినిపించే చెయ్యి ఇంట్లో ఉండదు. ఏడాది పిల్ల పొట్ట చిన్నది, పెద్దవాళ్లతో పాటు రెండుపూటలు పెడితే సరిపోదు. ఆకలి తీర్చడానికి సరుకుతో పాటు మనిషి సమయం కావాలి. ప్రభుత్వం సరుకు ఇచ్చింది. సమయం సంగతి తల్లికే వదిలేసింది.

బీడీ చేసే ఇళ్ల సంగతి ఇంకా చిక్కైంది. నిజామాబాద్, కరీంనగర్, నిర్మల్ ప్రాంతాల్లో లక్షల మంది ఆడవాళ్లకు ఇదే బతుకుదెరువు. పని ఇంట్లోనే కాబట్టి పిల్లలు తల్లి దగ్గరే ఉంటారు కదా అని బయటివాళ్లు అనుకుంటారు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. వెయ్యి బీడీలకింత అని కూలి. టేకేదారు వచ్చేవేళకు లెక్క పూర్తికావాలి. పొగాకు దుమ్ము ఆడే ఆ గదిలోనే చంటిపిల్ల పాకుతుంటుంది. తల్లి కళ్లముందే ఉంది నిజమే, కానీ తల్లి చేతులు ఖాళీగా లేవు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం నిర్ణీత సంఖ్యకు మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లలకు గది ఏర్పాటు చేయాలంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి ఆడవాళ్లుంటే క్రెష్ పెట్టమంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు అదే బాధ్యత పెట్టింది. ఈ హక్కులన్నీ గోడలకు, హాజరు పట్టీకి ముడిపడి ఉన్నాయి. కంపెనీ తన పనిని కార్ఖానాలోంచి ఇళ్లకు పంచిపెట్టిన రోజే పిల్లల గది బాధ్యత కూడా దాని నెత్తిమీంచి దిగిపోయింది. చేన్లో పత్తి ఏరే కూలికి అసలు గోడలే లేవు. 2005 ఉపాధి హామీ చట్టం ఒక్కటి పనిస్థలానికి అయిదుగురు చిన్నపిల్లలు వస్తే ఒకామెను వాళ్లను చూసుకునే పనికి పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలంది. మంచి నిబంధన. కానీ అడిగినచోటే అమలైంది.

అడిగితే ఏమవుతుందో బీడీ కార్మికులకు వేరే చెప్పనక్కర్లేదు. 2014 నవంబరులో ఆసరా పింఛన్లు మొదలైనప్పుడు జాబితాలో వాళ్లు లేరు. సంఘాలు రోడ్డెక్కాయి, ధర్నాలు చేశాయి. 2015లో నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి వచ్చింది, 2019లో 2,016 రూపాయలైంది. అదే ఆడవాళ్లు, అవే సంఘాలు, అదే ప్రభుత్వం. పింఛను అడిగారు, వచ్చింది. పిల్లల కేంద్రం గట్టిగా ఎవరూ అడగలేదు, రాలేదు. ఇందులో బీడీ కార్మికుల తప్పేమీ లేదు. పిల్లను చూసుకోవడం తల్లి బాధ్యత అని ఊరంతా అంటుంటే, దానికోసం ధర్నా చేయొచ్చన్న ఆలోచన రావడానికే ఎవరో ఒకరు ముందు నడవాలి. పిల్లల తరఫున చొరవ తీసుకునే స్వచ్ఛంద నాయకులు చేసే పెద్ద పని అదే. ఇంటి కష్టం అనుకుంటున్నదాన్ని వాడ అంతటి కోరికగా మార్చడం.

ఈ దేశంలో చిన్నపిల్లలకు దక్కినవన్నీ ఇలా అడిగినవాళ్ల వల్లే దక్కాయంటే అతిశయోక్తి కాదు. అంగన్‌వాడీ అన్న మాటే భైంసాకు పక్కనున్న మరాఠీ నేలది. అక్కడ తారాబాయి మోడక్, ఆదివాసీ పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిళ్లలోకి తీసుకుపోయింది. 1969లో ఢిల్లీలో కట్టడం పని జరిగేచోట దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లలను చూసి మీరా మహాదేవన్ ఒక డేరా వేయించింది, మొబైల్ క్రెషస్ అలా పుట్టింది. ఇలా భట్ అధ్యక్షతన 1988లో వచ్చిన శ్రమశక్తి నివేదిక అసంఘటిత రంగంలోని ఆడవాళ్ల బతుకును దేశం ముందు పెట్టింది. ఆ మరుసటేడే క్రెష్‌ల కోసం సంస్థలన్నీ ‘ఫోర్సెస్’ పేరిట ఒక వేదికయ్యాయి. అన్నిటికన్నా పెద్ద మలుపు 2001లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టులో వేసిన ఆహార హక్కు కేసు. గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే జనం ఆకలితో ఎందుకుండాలని అడిగిన కేసు అది. ఆదేశాల అమలు చూడడానికి కోర్టు నియమించిన కమిషనర్లలో ఒకరు ఎస్.ఆర్.శంకరన్. వెట్టిచాకిరీ మీద పోరాడిన అధికారిగా తెలుగువారి గుండెల్లో నిలిచినవారు. ఆ కేసులోనే 2006 డిసెంబరు 13న కోర్టు ఒక అపూర్వమైన మాట అంది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, కేంద్రం లేని వాడవాళ్లు అడిగితే, అడిగిన నాటి నుంచి మూడు నెలల్లో అంగన్‌వాడీ తెరవాలని. దేశం మొత్తం మీద కేంద్రాలను 14 లక్షలకు పెంచాలని కూడా ఆదేశించింది. కేంద్ర ప్రభుత్వం ఆ 14 లక్షల్లో 20 వేలను జనం అడిగిన చోట్ల కోసమే ప్రత్యేకించింది. అడగడం అనే పనికి ఒక తేదీ, ఒక గడువు, ఒక వాటా దక్కిన సందర్భం ఇది. మన దగ్గర ఎంతమందికి ఈ సంగతి తెలుసు? తెలియజెప్పడం ఎవరి పనో కూడా మనం తేల్చుకోలేదు.

అడిగితే ఫలితం ఉంటుందనడానికి తెలుగు నేల మీద గట్టి సాక్ష్యం రంగారెడ్డి జిల్లా పల్లెలు. స్వచ్ఛంద సంస్థ ఎం.వి.ఫౌండేషన్ 1991లో అక్కడ ఈ పని మొదలుపెట్టినప్పుడు బాలకార్మిక సమస్యకు అందరూ చెప్పే జవాబు ఒకటే. పేదరికం పోతే గానీ పిల్లలు బడికి రారు అని. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా, ఆమెతో నడిచినవాళ్లు ఆ మాటను ఒప్పుకోలేదు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నారు. ఊళ్లో చదువుకున్న యువకులు, టీచర్లు, పంచాయతీ సభ్యులు ఇంటింటికీ తిరిగారు, వేదికలు కట్టారు, జీతాలకు పెట్టుకున్న ఆసాములతో మాట్లాడారు, సీట్లు లేవన్న బడులను నిలదీశారు. పేదరికం పోకముందే పిల్లలు బడికొచ్చారు. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలి పదవి వచ్చాయి. నాకు పురస్కారం కన్నా ముఖ్యమనిపించేది ఆ వేదికల తీరు. వాళ్లు బడికి బదులుగా మరో బడి నడపలేదు. సర్కారు బడినే పనిచేయించారు. ఆరేళ్లు దాటిన పిల్లల విషయంలో ఊరి ఆలోచనే మారింది, ఇవాళ పిల్లను పనికి పంపితే తల్లిదండ్రులు సిగ్గుపడతారు. ఆరేళ్లలోపు పిల్లల విషయంలో అలాంటి మార్పు ఇంకా మొదలే కాలేదు.

చట్టం కూడా ఈ రెండు వయసులను రెండు రకాలుగా చూసింది. 2002 రాజ్యాంగ సవరణ ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లల చదువును ప్రాథమిక హక్కు చేసింది, ఆరేళ్లలోపువాళ్లను ఆదేశిక సూత్రాల్లో వదిలేసింది. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు కావాలని సెక్షన్ రాసి మరీ చెప్పింది. అంగన్‌వాడీకీ పర్యవేక్షణ, సహాయక కమిటీ ఉంది. సర్పంచో వార్డు సభ్యుడో పెద్ద, ఆశా కార్యకర్త, తల్లులు, మహిళా సంఘాల వాళ్లు సభ్యులు. కానీ అది మార్గదర్శకాల మీద నిలబడిన కమిటీ, చట్టం మీద కాదు. సంతకాలకు గుర్తొస్తుంది, నిర్ణయాలకు గుర్తురాదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి, మహిళా సంఘాల నాయకురాళ్ల చేతికి బడుల మరమ్మతు పనులు అప్పజెప్పింది. ఆ ఆడవాళ్ల మీద ఉన్న నమ్మకం అంగన్‌వాడీ గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

ఇక్కడే ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. స్వచ్ఛంద నాయకత్వం అంటూ మళ్లీ ఆడవాళ్ల చేతే ఉచితంగా చాకిరీ చేయిస్తారా అని. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటిపనులు చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు వాటికి పెడితే, చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. అలసిపోయిన మనిషికి ఇంకో పని అంటగట్టడమే కదా. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కమిటీ సభ్యురాలిని టీచరు రానిరోజు పిల్లల దగ్గర కూర్చోమని, గుడ్ల ట్రేలు దించమని, సర్వే కాగితాలు నింపమని అడిగితే అది చాకిరీయే, మానుకోవాల్సిందే. కానీ అడిగే పని ఖరీదు తగ్గించే దారి మన రాష్ట్రాలకు కొత్త కాదు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని దేశంలో ముందుగా, విస్తారంగా చేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ ఏర్పడింది. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, రోజు భత్యం ఇచ్చి, రికార్డులు చేతికిచ్చి, ఊరందరి ముందు చదివించారు. చాలాచోట్ల తిన్న డబ్బు కక్కించారు. ఆహార భద్రత చట్టం 28వ సెక్షన్ సంక్షేమ పథకాలకూ సామాజిక తనిఖీ చేయాలంటోంది. పిల్లల కేంద్రాలకు అదే పద్ధతి వర్తింపజేస్తే, సమావేశానికి వచ్చిన తల్లికి పోయిన కూలి, బస్సు చార్జీ ఇస్తే స్వచ్ఛందం అన్న మాటకు వచ్చే నష్టమేమీ లేదు. చేతినుంచి డబ్బు పెట్టుకోగలిగినవాళ్లే ముందుకు రావాలంటే, ఆ నాయకత్వం పత్తి కూలీల వాడల నుంచి ఎన్నటికీ రాదు.

మరో అభ్యంతరం అంగన్‌వాడీ టీచర్ల నుంచి వస్తుంది, రావడం న్యాయం కూడా. రాష్ట్రంలో దాదాపు 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. 2021 పెంపు తర్వాత టీచరుకు నెలకు 13,650 రూపాయలు, ఆయాకు 7,800. పిల్లల బరువు తూచడం, వంట చూడడం, ఫోన్లో పోషణ్ ట్రాకర్ నింపడం, ఎన్నికల పనులు అన్నీ ఆమె మీదే. 2023 సెప్టెంబరులో వాళ్లు వారాల తరబడి సమ్మె చేశారు. ఇంత మోస్తున్న మనిషి మీదికి పెత్తనం చేసే కమిటీ ఒకటి ఎందుకు? కమిటీ ప్రశ్న టీచరు దగ్గర ఆగిపోతే ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. సరుకు పంపాల్సింది ఆమె కాదు, భవనం కట్టాల్సిందీ, ఖాళీ పోస్టు నింపాల్సిందీ ఆమె కాదు. ఆ ప్రశ్నలు నిర్మల్‌కు, హైదరాబాద్‌కు వెళ్లాలి. టీచరు నోరు తెరిచి చెప్పలేనిదాన్ని తల్లులు చెప్పగలరు, ఎందుకంటే వాళ్లకు మెమో ఇచ్చేవాళ్లెవరూ లేరు. అలా చూస్తే తల్లుల కమిటీ టీచరుకు దొరికే పెద్ద అండ.

పిల్లల పేరు చెప్పుకుని రేపు ఎన్నికల్లో నిలబడతారు అనేవాళ్లూ ఉన్నారు. నిలబడనీయండి. రోడ్డు వేయించానని, బోరు వేయించానని ఓట్లడగడం తప్పు కానప్పుడు క్రెష్ తెరిపించానని అడగడం తప్పెలా అవుతుంది? రెండేళ్లకోసారి బాధ్యతలు మార్చుకుంటే ఒకరి పెత్తనం పాతుకుపోదు. భైంసా విషయంలో నేను ఇంకో మాట చెప్పాలి. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ ఇళ్లలో వినిపించే ఊరిది. రెండున్నరేళ్ల పిల్లకు తన ఇంటి మాట వినపడని గదిలో నోరు పెగలదు, కాబట్టి కేంద్రంలో ఏ మాట మాట్లాడాలో చెప్పాల్సిందీ ఆ తల్లులే. 2020 జనవరిలో, 2021 మార్చిలో ఈ ఊరు అల్లర్లతో వార్తలకెక్కింది. ఏ వాడ పిల్లకైనా అందాల్సిన పాలు, గుడ్డు ఒకటే. ఆ విషయం మీద అన్ని వాడల తల్లులూ ఒకే బెంచీ మీద కూర్చోగలిగిన కమిటీ ఊరికి ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

భైంసాకు కాస్త దూరంలోనే బాసర. పిల్లకు అక్షరాభ్యాసం చేయించాలని రెండు తెలుగు రాష్ట్రాల నుంచి, మహారాష్ట్ర నుంచి తల్లిదండ్రులు వస్తారు. పలక పట్టే వయసుకు మనమిచ్చే విలువ అంత గొప్పది. పలక పట్టకముందు గడిచే వెయ్యి రోజులకు అలాంటి గుడి లేదు, వేడుక లేదు, ఇంకా గట్టి చట్టం లేదు. పథకం మాత్రం ఉంది. 2022లో కేంద్రం మిషన్ శక్తి కింద పాల్నా తెచ్చింది. అంగన్‌వాడీలోనే క్రెష్, ఆరు నెలల పిల్ల నుంచి. దేశంలో 17 వేలు తెరవాలని లక్ష్యం పెట్టుకుంది, ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. రాష్ట్రం ప్రతిపాదన పంపాలి. రాష్ట్రానికి జిల్లా పంపాలి. జిల్లాకు ఏ వాడలో ఎంతమంది పిల్లలున్నారో, తల్లులు ఏ వేళకు పోయి ఏ వేళకు వస్తారో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ లెక్క ఆఫీసులో కూర్చుంటే తేలదు. బీడీ చేసే నాలుగు వీధులు, పత్తికి పోయే రెండు వాడలు తిరిగితే తేలుతుంది. పిల్ల పేరు, వయసు, తల్లి పని, పని వేళలు. ఒక కాగితం మీద నలభై పేర్లు. ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద తేదీ వేసి, ముద్ర కొట్టి ఇమ్మని అడగాలి. ఆ ముద్ర పడ్డ రోజు నుంచి కోర్టు చెప్పిన మూడు నెలలు లెక్కపెట్టడం మొదలవుతుంది. పత్తి ఏరే కాలానికి మూడు నెలల ముందే, అంటే జూలైలోనే, ఆ కాగితం కదలాలి.